తూత్తుకుడి నుంచి రాజమండ్రికి గంటా ముప్పావు

రిటైరయిన పెద్దమనుషులు ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తే ముందు పుట్టిన ఊరు వస్తుంది, తర్వాత పేదరికం, ఆ తర్వాత వీధిదీపం కింద చదువు. ఆ మూడింటిలో నాకు ఊరొక్కటే ఉంది. మా ఇంట్లో ట్యూబ్‌లైటు బాగానే వెలిగేది, చదవనిది నేనే. తమిళనాట రాజపాళయంలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో విమాన టికెట్ల బల్ల దగ్గర కొన్నేళ్ళు కూర్చుని, ఇరవై తొమ్మిదో ఏట ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను. ఇప్పుడు కోళ్ళ దాణా అమ్ముతున్నాను. కోళ్ళూ పెద్దగా ఎగరవు కాబట్టి నా రంగం మారిందని నేననుకోవడం లేదు.

ట్రావెల్స్‌లో చేరాలనుకునే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తుందని ఒక సంగతి చెబుతాను. పనికి రాకపోయినా చెబుతాను.

మా ఊళ్ళో విమానాశ్రయం లేదు. ఉత్తరంగా మదురైకి పోవాలి, కాదంటే ఆగ్నేయంగా తూత్తుకుడికి. ఆఫీసులో మేం ముగ్గురం. మొదలాళి, అంటే మా వైపు యజమాని, శబరిమల వ్యాన్లూ పెళ్ళి బస్సులూ చూసుకునేవాడు. విమానాల బల్ల అక్కదీ నాదీ. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, ఊరందరికీ అక్క. పదిహేనేళ్ళుగా టికెట్లు కొట్టి, ఒక్క ప్రయాణికుడి పేరులోనూ తప్పు రానివ్వలేదు. మా ముగ్గురిలో ఒక్కరమూ విమానం ఎక్కినవాళ్ళం కాదు. ఆ అనుభవం ఉన్నట్టు కనిపించేది గోడమీది పోస్టర్‌లో నవ్వుతున్న అమ్మాయికే. ఆమెకు జీతం లేదు.

ఆ పోస్టర్ పక్కనే రోజుకో కాగితం చించే కేలండరు వేలాడేది. మా ఆఫీసులో కంప్యూటర్ కన్నా దానికే పని ఎక్కువ. రాహుకాలం, యమగండం, నల్ల నేరం అని మంచి సమయం, అన్నిటికన్నా కింద చిన్న అక్షరాల్లో శూలం. ఆ రోజు ఏ దిక్కుకు బయలుదేరకూడదో చెప్పేది శూలం. టికెట్ కోసం వచ్చినవాళ్ళు మా దగ్గర ముందు ధర అడగరు. "ఆ ఫ్లైటు రాహుకాలంలో లేస్తాదా?" అని అడుగుతారు.

ఇందులో మా ఆఫీసులోనే రెండు మతాలు ఉండేవి. ప్రయాణం ఎప్పుడు మొదలైనట్టు? గడప దాటినప్పుడు అని అక్క. చక్రం నేల వదిలినప్పుడు అని మొదలాళి. వచ్చినవాళ్ళు తమకు ఏది వీలైతే ఆ మతంలో చేరి టికెట్ తీసుకుని వెళ్ళేవారు. విమానాలు నడిపేవాళ్ళు దీని గురించి ఏమంటారో తెలియదు. మేం అడగలేదు.

ఇక అసలు సంగతి. మొదలాళికి ఒక తమ్ముడు. ముప్పై ఆరేళ్ళు, స్పిన్నింగ్ మిల్లులో సూపర్‌వైజర్. ఆ యంత్రాల చప్పుడులో ఎవరు మాట్లాడినా వినిపించదని గ్రహించి ఎప్పుడో మాటలు మానేసిన మనిషి. అతనికి మూడు సంబంధాలు వచ్చి పోయాయి. అతను నచ్చక పోయింది ఒక్కటీ లేదు. మొదలాళి మాట్లాడటం వల్ల పోయాయి. మొదటిచోట పిల్ల తండ్రి కొత్తగా కొన్న కారు ఎందుకు చెత్త కారో ఆయనకే అరగంట వివరించాడు. రెండోచోట వాళ్ళింటి మెట్లు లెక్కపెట్టి, సరిసంఖ్య వచ్చిందని, ఆ ఇంట్లో ఎలా నిద్రపోతున్నారని అడిగాడు. మూడోచోట ఏమన్నాడో ఎవరూ చెప్పరు. మొదలాళి భార్య మాత్రం ఆ ఊరి మీదుగా పోయే బస్సు కూడా ఎక్కదు.

నాలుగోది రాజమండ్రి సంబంధం. మా తాతముత్తాతలు కొన్ని వందల ఏళ్ళ కిందట ఆంధ్ర వైపు నుంచి వచ్చి ఇక్కడ ఊరు కట్టుకున్నారు. ఇప్పుడు మాలో కొందరు మళ్ళీ అటువైపు పిల్లను వెతుకుతున్నారు. అమ్మాయిది బ్యాంకులో ఉద్యోగం. ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకున్నారు, అంటే ఆమె మాట్లాడింది. ఇద్దరికీ నచ్చింది. ఇక అబ్బాయి తరఫు పెద్ద వెళ్ళి తాంబూలాలు మార్చుకోవడమే మిగిలింది. తమ్ముడు ఆఫీసుకు వచ్చి, ఏడాదికి సరిపడా మాటలు ఒకేసారి ఖర్చు పెట్టాడు.

"అన్నా, ఇదీ పోయిందంటే ఇంక నాకు చూడొద్దు."

అంత నెమ్మదిగా అన్నాడు కాబట్టి అందరికీ వినిపించింది. అక్క కీబోర్డు మీద చేతులు తీసేసింది.

అమ్మాయి తండ్రి బుధవారం దివ్యంగా ఉందన్నారు. మొదలాళి కేలండరు కాగితాలు ఎత్తి బుధవారం చూశాడు. చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"శూలం వడక్కు!"

వడక్కు అంటే ఉత్తరం. రాజమండ్రి ఎటు వైపో వేరే చెప్పనక్కరలేదు.

"ముందే పోయేద్దాము మొదలాళీ" అన్నాను.

"మంగళవారమూ వడక్కేరా. అదీ కాక నవమి. సోమవారం అష్టమి."

"ఆదివారం?" అంది అక్క.

ఆదివారం వెళితే బుధవారం దాకా ఆడపిల్లవాళ్ళ ఊళ్ళో ఉండాలి. అన్ని రోజులు మొదలాళి నోరు మూసుకుని ఉండటం జరిగే పనేనా అని అక్కా నేనూ ఆలోచించాం. మొదలాళి కూడా ఆలోచించినట్టే ఉంది.

"వాళ్ళనే వేరే దినం చూడమని అడగండి" అంది అక్క.

"అడిగితే శూలానికి భయపడినామంటారు. వాళ్ళు ఇంట్లో కూర్చోనుండేవాళ్ళు, వాళ్ళకేమి శూలం? పోయేవానికి కదా!"

నేను అప్పుడు ఒక జోకు వేశాను. నా జోకులు ఆ ఆఫీసులో ఎవరూ వినేవారు కారు కాబట్టి భయం లేకుండా వేశాను.

"తూత్తుకుడి నుంచి ఎక్కండి మొదలాళీ. ఇంటి నుంచి కారు దక్షిణంగా కదా పోతాది? శూలం పాపం మదురై రోడ్డులో కాచుకోని ఉంటాది. మనము వెనకపక్క నుంచి పోయేస్తాము."

మొదలాళి నావైపు చూశాడు. చేరినప్పటి నుంచి నన్ను మనిషిగా చూడటం అదే మొదలు.

"ఒరేయ్ తంబీ, నీకు బుద్ధి ఉండాదిరా!"

జీవితంలో నా జోకు ఒకటి అమలు కావడం అదే మొదటిసారి, చివరిసారి.

వెంటనే ఫోన్ తీశాడు. తూత్తుకుడి నుంచి రాజమండ్రికి ఎంత దూరం, ఎంతసేపు అని కొట్టాడు. వెయ్యి కిలోమీటర్లు చిల్లర, విమానంలో గంటా ముప్పావు అని వచ్చింది. దాన్ని మాకు రెండుసార్లు చదివి వినిపించాడు.

తమ్ముళ్ళూ, ఇక్కడ కొంచెం ఆగండి. ఇంటర్నెట్‌లో ఇలాంటి పేజీలు ఎలా పుడతాయో మీకు తెలియాలి. ఏవో రెండు విమానాశ్రయాలు తీసుకుంటాయి. మధ్యలో స్కేలు పెట్టి గీత గీస్తాయి. ఆ గీత పొడుగును విమానం వేగంతో భాగిస్తాయి. వచ్చినదే ప్రయాణ సమయం. ఆ గీత మీద విమానం అనేది ఒకటి తిరుగుతోందా అన్నది వాటికి సంబంధం లేని విషయం. అడిగితే మా బస్టాండు నుంచి చంద్రుడికి కూడా టైం చెబుతాయి, కారు అద్దెకు కావాలా అని కూడా అడుగుతాయి.

ఇదంతా నేను చెప్పేలోపు మొదలాళి రాజమండ్రికి ఫోన్ కలిపేశాడు.

"బావగారూ, ఇక్కడ నుంచి గంటా ముప్పావేనండీ! మన పెద్దోళ్ళకు అక్కడ నుంచి వచ్చేదానికి ఎన్ని తరాలు పట్టిందో ఏమో, మేము టిఫన్ తినేసి కెళంబితే రాహుకాలం ముందే మీ ఇంట్లో ఉంటాము. నేను ఈ ఫీల్డులో ఉండేవాణ్ణి కదా, నా మాటకు తిరుగుండదు."

కెళంబడమంటే మా వైపు బయలుదేరడం. అటునుంచి ఆయన "ఆయ్, అలాగేనండి, చాలా సంతోషమండి" అన్నారు. ఫోన్ పెట్టేశాక మొదలాళి మీసం దువ్వుకున్నాడు.

అక్క కంప్యూటర్ మీదనుంచి తలెత్తింది. "మొదలాళీ, తూత్తుకుడి నుంచి రాజమండ్రికి ఫ్లైటు లేదు."

"ఆ దినం లేదా?"

"ఏ దినమూ లేదు. పుట్టనే లేదు. చెన్నైలో దిగి, కూర్చోని, ఇంకోటి ఎక్కాల. పోయి చేరేటప్పటికి మధ్యాహ్నం భోజనాలు అయిపోయుంటాయి."

"ఫోన్లో ఉండాదే!"

"ఫోన్లో ఉండాది. ఆకాశంలో లేదు" అన్నాను.

నన్ను మనిషిగా చూసే కార్యక్రమం అంతటితో ముగిసింది.

ఫోన్ చేసి నిజం చెప్పమని అక్క ఎంత మొత్తుకున్నా మొదలాళి వినలేదు. "టికెట్లు అమ్మేవాడే టైం తప్పు చెప్పినాడంటే పిల్లనెవరిస్తారు? ఫ్లైటు లేటు అని చెప్పేద్దాము. లేటు కాని ఫ్లైటు ఏది? ఎవరు అడుగుతారు?" అన్నాడు. చెన్నై మీదుగా ఇద్దరికీ టికెట్లు కొట్టించి, తమ్ముడికి కూడా అదే పాఠం చెప్పాడు. అతను తలూపాడు. అతను అన్నిటికీ తలూపుతాడు కాబట్టి మేం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అక్కకు మాత్రం మనసు కుదుటపడలేదు. శూలాన్ని వెనకనుంచి తప్పించుకోవడం మోసం కింద వస్తుందని ఆమె అభిప్రాయం. "దక్షిణంగా కెళంబినా పోయేది ఉత్తరానికే కదా? దేవుడికి మ్యాప్ తెలీదా?" అంది. అందుకని ఆమె మతం ప్రకారం ప్రస్థానం పెట్టాలన్నది. మంచి రోజున మనం కదల్లేకపోతే మన సామాను ఒకటి మంచి గంటలో పంపించి, పోవలసిన దిక్కులో తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత మనిషి వెళ్ళడం వట్టి కొనసాగింపు. శూలం ఇక ఏమీ చేయలేదు.

"ఆదివారం నల్ల నేరంలో పంపిస్తాము. శ్రీవిల్లిపుత్తూరులో మా చెల్లెలి ఇల్లు ఉండాది, సరిగ్గా ఉత్తరం దారి" అంది. "అయితే ఏదో పాత తువ్వాలు పంపిస్తే చెల్లదు. అది లేకుండా మీరు పోలేనిది ఏదో, అదే పంపించాల."

మొదలాళికి రెండు జాగ్రత్తలూ నచ్చాయి. ఒకటి చాలదూ అంటే, రెండు తాళాలు వేస్తే దొంగ రాడు కదా అన్నాడు. ఆదివారం మంచి గంట చూసి సంచి సర్దాడు. పంచె, తువ్వాలు, మినపసున్ని ఉండల డబ్బా. అప్పటికీ అది లేకుండా పోలేని వస్తువు ఏదని కాసేపు గట్టిగా ఆలోచించాడు. విమానానికి అది లేకుండా పోలేనిది ఒక్కటే ఉందని ఆయనకు తట్టింది. తనదీ తమ్ముడిదీ ఆధార్ కార్డులు తీసి సంచి లోపలి అరలో పెట్టి జిప్పు లాగాడు. సంచి ఉత్తరంగా వెళ్ళింది.

బుధవారం తెల్లవారుతుండగా మేం దక్షిణంగా వెళ్ళాం.

ఈ రెండు వాక్యాలూ మీరు పక్కపక్కన చదివారు కాబట్టి మీకు వెంటనే అర్థమైపోయింది. మాకు వాటి మధ్య మూడు రోజులు గడిచాయి.

కారు నేను నడిపాను. చోళపురం దాటాక సూర్యుడు వచ్చాడు. మొదలాళి కొత్త పట్టుచొక్కాలో, ఒళ్ళో తాంబూలం సామాన్ల బుట్టతో కూర్చుని, దారి పొడుగునా శూలం ఇప్పుడు మదురై రోడ్డులో ఎక్కడ నిలబడి ఉంటుందో ఊహిస్తూ నవ్వుకున్నాడు. వెనక సీట్లో తమ్ముడు కిటికీలోంచి పత్తిచేలు చూస్తున్నాడు. విమానం ఎక్కగానే ఏం చేయాలో నేను ఇద్దరికీ వివరించాను. నాకూ తెలియదు కాబట్టి చాలా ధైర్యంగా వివరించాను.

తూత్తుకుడి విమానాశ్రయం గుమ్మం దగ్గర తుపాకి పట్టుకున్న జవాను ఉన్నాడు. ఉత్తరాది మనిషి. చేయి చాపి ఒకే మాట అన్నాడు.

"ఐడీ."

మొదలాళి చొక్కా జేబు తడుముకున్నాడు. లోపలి జేబు తడుముకున్నాడు. తర్వాత చేయి అక్కడే ఆగిపోయింది. మొహంలో రక్తం ఏ దిక్కుకు పోయిందో కానీ శూలం లేని దిక్కుకే పోయి ఉంటుంది.

"ప్రస్థానం పెట్టినాము" అన్నాడు.

"క్యా?"

"ప్రస్థానం సార్. శ్రీవిల్లిపుత్తూరులో."

జవాను నావైపు చూశాడు. ఆ మాటను హిందీలోకి మార్చే చదువు నాకు లేదు. వెనకున్నవాళ్ళు జరగండి జరగండి అంటున్నారు.

ఫోన్‌లో తీద్దామన్నాను. మొదలాళి ఆధార్‌కు జోడించిన నంబరు ఎప్పుడో కుర్తాళం జలపాతంలో కొట్టుకుపోయిన సిమ్‌ది. ఓటీపీ అక్కడికే పోతుంది. తిరిగి శ్రీవిల్లిపుత్తూరు వెళ్ళి వస్తే విమానం కాదు కదా, దాని పొగ కూడా ఉండదు. మొదలాళి పక్కనున్న సామాన్ల బండి మీద కూర్చుండిపోయాడు. అంత పెద్ద మనిషి, పట్టుచొక్కా వేసుకుని, ఒళ్ళో తమలపాకుల బుట్టతో ఎవరో మరిచిపోయిన పెట్టెలా ఉన్నాడు.

"పోయింది రా" అన్నాడు. "ఇదీ పోయింది. నా నోటితోనే పోగొట్టినాను, ఇప్పుడు నా సంచితో."

అప్పుడు తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"నాది ఫోన్లో ఉండాదన్నా."

ఇద్దరం అతనివైపు తిరిగాం.

"నేను పోతాను" అన్నాడు.

"పెద్దదిక్కు లేకుండా నువ్వొక్కడివే పోతావా? లోకంలో ఎవడైనా తన తాంబూలానికి తానే పోయినాడా? పసిబిడ్డవురా నువ్వు, ఏం మాట్లాడాలో తెలీదు!"

"పసిబిడ్డకు ముప్పై ఆరు మొదలాళీ" అన్నాను. "ఏం మాట్లాడాలో తెలీకపోవడం కూడా…" అని మొదలుపెట్టి ఆపేశాను. జోకులు అమలయ్యే రోజులు వచ్చాయని గుర్తొచ్చింది.

తమ్ముడు అన్న ఒళ్ళోంచి బుట్ట తీసుకున్నాడు. వంగి కాళ్ళకు మొక్కాడు. మొదలాళి ఆశీర్వదించాడు, వెంటనే "ఫ్లైటు లేటు అని చెప్పు" అని గుర్తుచేశాడు. అతను ఎప్పటిలాగే తలూపి లోపలికి వెళ్ళిపోయాడు.

మేం కారు ఎక్కాం. కారు దానంతటదే శ్రీవిల్లిపుత్తూరు దారి పట్టింది. కోవిల్‌పట్టి దాకా మొదలాళి ఒక్క మాట మాట్లాడలేదు. నాకు భయం వేసి, ఆయనకిష్టమని పక్కన పోతున్న ఒక కారును చూపించి అది మంచి కారేనా అని కూడా అడిగాను. ఆయన కిటికీ అద్దం పైకెత్తేశాడు.

అక్క చెల్లెలి ఇంట్లో హాలు మధ్యలో, పీట మీద, కుంకుమబొట్టుతో సంచి కూర్చుని ఉంది. మాలో కొంచెం నిబ్బరంగా కనిపించింది అదొక్కటే. ఆఫీసుకు తాళం వేసి అక్క కూడా బస్సులో వచ్చేసింది. మొదలాళిని చూసి తిడదామని నోరు తెరిచి, ఆ మొహం చూసి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

మధ్యాహ్నం మూడవుతుండగా వీడియో కాల్ వచ్చింది. ఫోన్‌ను సంచికి ఆనించి నిలబెట్టాం. తెరమీద పెద్ద హాలు, చాలామంది జనం, మధ్యలో మన పసిబిడ్డ. మొదలాళి చొక్కా సర్దుకుని మొదలుపెట్టాడు.

"బావగారూ, మన్నించాల. ఈ ఫ్లైటు ఉండాదే, లేటు…"

"అబ్బెబ్బే, మీ తమ్ముడుగారు వస్తూనే అంతా చెప్పేశారండి" అన్నారాయన.

"ఏం చెప్పినాడు?"

తెరలో తమ్ముడు తల వంచుకునే చెప్పాడు. "ఫ్లైటు లేటు కాలేదు, అట్లాంటి ఫ్లైటే లేదు, మేము తప్పు చెప్పినాము అని చెప్పినానన్నా. కార్డు సంచిలో పోయిందని కూడా చెప్పినాను."

అవతల హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మొదలాళి చెయ్యి సోఫా పిడిని పట్టుకుంది. నాలుగో సంబంధం మా కళ్ళముందే లేచి చెప్పులు వెతుక్కుంటున్నట్టు అనిపించింది నాకు.

"మాకు ఆ వేళే తెలుసండి" అన్నారు పెద్దాయన. "మీరు ఫోన్ పెట్టెయ్యగానే మా అమ్మాయి చూసింది. అలాంటి విమానం లేదు నాన్నా అంది. మీరు అంత ఉత్సాహంగా చెప్పారు, కాదనడం ఎందుకని ముహూర్తం మూడింటికి మార్చేసి ఊరుకున్నామండి. అమ్మాయి మాత్రం, వచ్చాక నిజం చెప్తారో, లేటైందంటారో చూస్తానందండి."

"లేటైందని ఉంటే?" అని అడిగింది అక్క, ఆపుకోలేక.

"భోజనం పెట్టి పంపించేవాళ్ళమండి" అన్నారాయన మర్యాదగా.

మొదలాళి నోరు తెరిచాడు. అక్క, నేను చెరోవైపు నుంచి ఆయన మోచేతులు పట్టుకున్నాం. అవసరం లేకపోయింది. ఆయన కళ్ళు తుడుచుకుని రెండు చేతులూ జోడించాడు. అవతల తాంబూలం పళ్ళేన్ని ఒకసారి ఫోనుకు చూపించి తమ్ముడి చేతుల్లో పెట్టారు. ఇవతల అక్క చెల్లెలు, ఎందుకైనా మంచిదని, సంచికి హారతిచ్చింది.

చివర్న అమ్మాయి ఫోన్ దగ్గరకు వచ్చింది. చురుకైన కళ్ళు.

"బావగారూ, మరి మీరెప్పుడు వస్తున్నారు?"

మొదలాళి ఫోన్ ముందుకు వంగాడు. "నేను ఆదివారమే కెళంబేసినానమ్మా" అన్నాడు. "దారిలో ఉండాను."

పెళ్ళి మా ఊళ్ళోనే జరిగింది కాబట్టి మొదలాళి రాజమండ్రికి వెళ్ళవలసిన పని పడలేదు. సంచిని ఇంటికి తెచ్చుకుందామంటే అక్క ఒప్పుకోలేదు. మొదలైన ప్రయాణం మధ్యలో వెనక్కి తిప్పితే కొత్త దంపతులకు మంచిది కాదట. లోపలి కార్డు తీసినా తిప్పినట్టేనట. మినపసున్ని ఉండలు మాత్రం తీయనిచ్చింది, చీమలకు శూలం లేదు కాబట్టి. ఆయన వేరే కార్డు తీసుకున్నాడు, వేరే పంచె కొనుక్కున్నాడు. తమ్ముడి కార్డుకు మాత్రం అతని భార్య వెళ్ళి, అక్కతో మాట్లాడి, జిప్పు తీయించింది. ఏం మాట్లాడిందో తెలియదు. మా అక్క ఓడిపోగా నేను చూసింది అదొక్కసారే.

ఆ దంపతులు ఏడాదికి రెండుసార్లు చెన్నై మీదుగా రాజమండ్రి వెళ్ళి వస్తారు. టికెట్లు మా పాత ఆఫీసులోనే తీసుకుంటారు. ఎవరైనా ఎంతసేపు పడుతుందని అడిగితే మొదలాళి ఇప్పుడు తొందరపడి చెప్పడు. "మనిషికా, సంచికా?" అని అడుగుతాడు. మనిషికైతే అక్కను అడగమంటాడు. సంచి సంగతైతే ఆయనే చెప్పాలి. అది శ్రీవిల్లిపుత్తూరులో, మంచం కింద, తల ఉత్తరానికి పెట్టుకుని ఇంకా ప్రయాణంలోనే ఉంది.